సీ పోవాలి, డీ ఉండాలి: ఇన్‌స్టాలర్‌లో డిస్కు పంపకం

మన దగ్గర కంప్యూటర్‌ను మరమ్మతుకు ఇచ్చేవారు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొట్టండి, డీ డ్రైవ్ జోలికి మాత్రం వెళ్లకండి." ఆ మనిషికి కావలసినదంతా ఈ ఒక్క మాటలో ఉంది. పాత ఆపరేటింగ్ సిస్టమ్ పోవాలి, కొత్తది రావాలి, డీ డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం ఉన్నచోటే ఉండాలి. ఇంత స్పష్టమైన కోరికతో ఇన్‌స్టాలర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించే ప్రోగ్రామ్) ముందు కూర్చుంటే, డిస్కును పంచే తెర మీద సాధారణంగా సీ అన్న అక్షరమూ కనిపించదు, డీ అన్న అక్షరమూ కనిపించదు. విండోస్ సెటప్‌లో డిస్కు 0 పార్టిషన్ 3 వంటి పేర్లుంటాయి (పార్టిషన్ అంటే డిస్కులో ఒక భాగం). లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలర్లలో ఎన్‌వీఎంఈ0ఎన్1పీ3 వంటి పేర్లుంటాయి. రెండూ యంత్రానికి సరిపోయే పేర్లే తప్ప మనిషి గుర్తుపట్టగల పేర్లు కావు.

మా పిన్ని ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించడానికి కూర్చున్నప్పుడు ఈ ఇబ్బంది ఎంత లోతైనదో నాకు అర్థమైంది. తెర మీద ఆరు వరుసలు వచ్చాయి. పక్కనే కూర్చున్న పిన్ని, "ఇందులో డీ ఏదిరా?" అని అడిగింది. తెరను ఎంతసేపు చూసినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఇన్‌స్టాలేషన్ ఆపి, మళ్లీ విండోస్‌లోకి వెళ్లి, సీ 150 జీబీ, డీ 314 జీబీ అని కాగితం మీద రాసుకుని వచ్చాం. తిరిగి ఇన్‌స్టాలర్ తెరిస్తే అక్కడ 150 లేదు, 314 కూడా లేదు. 161, 337 అని ఉన్నాయి. డిస్కులో ఏ మార్పూ జరగలేదు. విండోస్ 1024ల లెక్కన కొలిచి దానికి జీబీ అని పేరు పెడుతుంది, ఆ ఇన్‌స్టాలర్ డిస్కు తయారీదారుల మాదిరిగా 1000ల లెక్కన కొలిచి దానికీ జీబీ అనే పేరు పెట్టింది. 500 జీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 465 అని కనిపించడానికి కారణం కూడా ఇదే. రెండింటిలో పెద్దది ఏదో చూసి డీని పోల్చుకున్నాం. రెండు పార్టిషన్లూ ఇంచుమించు సమానంగా ఉండి ఉంటే ఆ ఆధారమూ దక్కేది కాదు.

ఇన్‌స్టాలర్‌లో మిగతా తెరలు ఎన్ని ఉన్నా, వాటిలో జరిగే పొరపాటు దిద్దుకోగలిగేదే. భాష తప్పు ఎంచుకుంటే తర్వాత మార్చుకోవచ్చు, టైమ్ జోన్ తప్పితే గడియారం తప్పు చూపుతుంది, అంతే. డిస్కు తెర మీద జరిగే పొరపాటు మాత్రం పదేళ్ల ఫొటోలను తీసుకుపోతుంది. అందువల్ల ఆ తెరను రూపొందించేవారు తక్కిన అన్ని లక్ష్యాల కంటే ముందు పిన్ని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఏది మిగులుతుంది, ఏది పోతుంది? ఎన్ని క్లిక్కులు పట్టింది, తెర ఎంత ఖాళీగా, అందంగా ఉంది అన్నవి ఆ తర్వాతి మాటలు.

అక్షరం డిస్కులో ఉండదు

డీ అన్న అక్షరాన్ని ఇన్‌స్టాలర్ ఎందుకు చూపదన్నది సహజంగా వచ్చే సందేహం. ఆ అక్షరం పార్టిషన్ మీద రాసి ఉండదు. ఏ పార్టిషన్‌కు ఏ అక్షరం అన్న జాబితాను విండోస్ తన రిజిస్ట్రీలో, అంటే తాను ఉన్న పార్టిషన్‌లోని ఒక ఫైలులో దాచుకుంటుంది. బయటి నుంచి పెన్‌డ్రైవ్ ద్వారా లేచిన ఇన్‌స్టాలర్‌కు ఆ పార్టిషన్ కేవలం ఒక పరిమాణం, ఒక ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను పేర్చే పద్ధతి), ఉంటే ఒక లేబుల్. ఆ రిజిస్ట్రీ ఫైలును తెరిచి చదవడం అసాధ్యమేమీ కాదు, కానీ ఆ శ్రమ సాధారణంగా ఎవరూ పడరు.

అక్షరం తెలియకపోయినా ఆనవాళ్లు చూపడానికి అడ్డేమీ లేదు. పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే తెరిచి, అందులోని పై వరుస ఫోల్డర్ల పేర్లు నాలుగు చూపితే, ఎంత నిండి ఉందో చెబితే, మనిషి ఇట్టే గుర్తుపడతాడు. "337 జీబీ, ఎన్‌టీఎఫ్‌ఎస్" అన్న వరుస పిన్నికి ఏమీ చెప్పలేదు. "337 జీబీ, అందులో 212 నిండి ఉంది, పెళ్లి ఫొటోలు, స్కాన్లు, పాటలు అనే ఫోల్డర్లు ఉన్నాయి" అని అదే వరుస చెప్పి ఉంటే మేం కాగితం పట్టుకుని తిరగాల్సిన పని ఉండేది కాదు. ఫోల్డర్ల పేర్లు చూపడం గోప్యతకు భంగమని అనేవారున్నారు. ఎదురుగా కూర్చున్నది ఆ డిస్కును మొత్తంగా తుడిచివేయగల అధికారం ఉన్న మనిషే కాబట్టి ఆ అభ్యంతరం నాకు బలమైనదిగా అనిపించదు.

డిస్కుల పేర్లదీ ఇదే కథ. లినక్స్ కెర్నెల్ (ఆ సిస్టమ్‌లోని మూల ప్రోగ్రామ్) ఒక డిస్కుకు ఎస్‌డీఏ అని, మరోదానికి ఎస్‌డీబీ అని పేరు పెట్టేది తనకు అవి దొరికిన వరుసను బట్టి. నిన్న ఎస్‌డీఏ అయినది నేడు పెన్‌డ్రైవ్ గుచ్చి ఉండటం వల్ల ఎస్‌డీబీ కావచ్చు. ఇన్‌స్టాలర్ దాని మీద ఆధారపడమని మనిషికి చెప్పకూడదు. తయారీదారు పేరు, మోడల్, పరిమాణం, లోపల బిగించినదా యూఎస్‌బీకి తగిలించినదా అన్నవి ముందు కనిపించాలి, కెర్నెల్ పెట్టిన పేరు కావలసినవారి కోసం చిన్న అక్షరాల్లో పక్కన ఉండాలి. ఇన్‌స్టాలర్ ఏ పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోందో ఆ పెన్‌డ్రైవ్ అసలు జాబితాలోనే రాకూడదు.

పొలం, పహాణీ

పార్టిషన్ అంటే ఏమిటో పల్లెతో సంబంధమున్న తెలుగువారికి వివరించడం తేలిక. డిస్కు ఒక పొలం. పార్టిషన్ టేబుల్ ఆ పొలానికి సంబంధించిన పహాణీ లేదా అడంగల్: ఫలానా హద్దు నుంచి ఫలానా హద్దు దాకా ఫలానా భాగం, దానిలో ఫలానా పంట. ఆ రికార్డు చింపినంత మాత్రాన పొలంలో పంట మాయం కాదు. అందుకే పొరపాటున పార్టిషన్ టేబుల్ మాత్రమే చెరిగిపోయినప్పుడు టెస్ట్‌డిస్క్ వంటి ఉపకరణాలు పొలంలోకి దిగి గట్లు ఎక్కడున్నాయో వెతికి రికార్డును మళ్లీ రాయగలుగుతాయి. ఫార్మాట్ చేయడమంటే పొలాన్ని కొత్త పంట కోసం సిద్ధం చేయడం. ఇక్కడ పాత డిస్కులకూ, చిప్పుల్లో సమాచారం దాచే ఇప్పటి ఎస్‌ఎస్‌డీలకూ పెద్ద తేడా ఉంది. లినక్స్‌లో ఒక పార్టిషన్‌ను ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేసే సాధనం, డిస్కు అందుకు అనువైనదైతే, ఆ జాగా అంతా ఇక ఖాళీయేనని ఎస్‌ఎస్‌డీకి ముందే చెప్పేస్తుంది. ఆ మాట అందుకున్న ఎస్‌ఎస్‌డీ పాత సమాచారాన్ని తిరిగి ఇవ్వదు. పదిహేనేళ్ల కిందట హార్డ్ డిస్కు మీద పొరపాటున ఫార్మాట్ చేసినవారికి కొన్ని ఫైళ్లయినా దక్కే ఆశ ఉండేది, ఇప్పుడు ఆ ఆశ దాదాపు లేదు. ఇన్‌స్టాలర్ తెరలు మాత్రం చాలావరకు ఆ పాత రోజుల ధీమాతోనే రాసి ఉన్నాయి.

ఈ రికార్డు రాసే పద్ధతులు రెండు. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో డిస్కు మొదటి 512 బైట్లలోనే అంతా ఇమడాలి. అందులో పార్టిషన్ల పట్టికకు దక్కింది 64 బైట్లు, ఒక్కో పార్టిషన్‌కు 16 చొప్పున నాలుగే వరుసలు. ఈ నాలుగు అన్న సంఖ్య ఎన్ని ఇళ్లలో ఎంత తలనొప్పి తెచ్చిందో చెప్పలేం. విండోస్ 7 నాటి ల్యాప్‌టాప్‌లలో బూట్ కోసం ఒకటి, సీ ఒకటి, రికవరీ ఒకటి, తయారీదారు సొంత ఉపకరణాలకు ఒకటి అని నాలుగూ నిండి వచ్చిన యంత్రాలు ఉండేవి. డిస్కులో 300 జీబీ ఖాళీగా ఉన్నా, ఆ ఖాళీ పక్కన "వాడుకోవడానికి వీలులేదు" అని ఇన్‌స్టాలర్ రాసేది. ఎందుకు వీలులేదో, ఏం చేస్తే వీలవుతుందో చెప్పేది కాదు. సెక్టార్‌ను (డిస్కు ఒకసారి చదివే, రాసే కనీస ముక్కను) 512 బైట్లుగా లెక్కించే డిస్కులో ఈ పద్ధతి సుమారు 2.2 టీబీ దాటి చూడలేదు కూడా. తర్వాత, కంప్యూటర్‌ను లేపే కొత్త ఏర్పాటైన యూఈఎఫ్‌ఐతో పాటు వచ్చిన జీపీటీ పద్ధతి మామూలుగా 128 పార్టిషన్లకు చోటిస్తుంది, పట్టికకు ఒక నకలును డిస్కు చివర దాస్తుంది, చెడిందో లేదో పోల్చుకోవడానికి తనిఖీ సంఖ్యను ఉంచుతుంది. నాలుగు వరుసల పరిమితి వల్ల వచ్చిన ప్రైమరీ, ఎక్స్‌టెండెడ్, లాజికల్ అన్న మూడు రకాల పార్టిషన్ల గొడవ దీనితో తీరిపోయింది. కొత్త యంత్రాలలో ఆ మాటలు ఇన్‌స్టాలర్ తెర మీద కనిపించాల్సిన అవసరమే లేదు.

ముందు డిస్కా, ముందు అవసరమా

డిస్కు తెరను రూపొందించేవారు మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. డిస్కును చూపి, దాన్ని ముక్కలు చేసుకోమని, ఆ ముక్కలను దేనికి వాడాలో తర్వాత చెప్పమని అడగడం ఒక దారి. దేనికి ఎంత చోటు కావాలో ముందు చెప్పమని, ముక్కలు ఎక్కడ పెట్టాలో తామే చూసుకుంటామని అనడం రెండో దారి. మొదటిది డిస్కును చేత్తో పంచే జీపార్టెడ్ వంటి సాధనాలకు అలవాటుపడ్డవారి ఆలోచన. రెండోది వినడానికి మనిషికి దగ్గరగా ఉంటుంది. అయినా రెండో దారి పట్టినవారికి ఏం జరిగిందో లినక్స్ రకాల్లో ఒకటైన ఫెడోరా చరిత్రలో చూడవచ్చు.

ఫెడోరా ఇన్‌స్టాలర్ పేరు అనకొండ. దాని తెరలను పూర్తిగా కొత్తగా రాసి ఫెడోరా 18లో పెట్టారు. ఆ విడుదల పలుమార్లు వాయిదాపడి 2013 జనవరిలో వచ్చింది, ఆ వాయిదాలకు కొత్త ఇన్‌స్టాలర్ ఒక ముఖ్య కారణం. స్వయంగా పంచుకునే తెరలో డిస్కు బొమ్మ తీసేశారు. ఎడమవైపు కొత్త ఫెడోరా అని ఒక శీర్షిక, దాని కింద రూట్ (సిస్టమ్), హోమ్ (మనిషి ఫైళ్లు), బూట్ (సిస్టమ్‌ను లేపే ఫైళ్లు), స్వాప్ (ర్యామ్‌కు తోడుగా వాడే జాగా) అనే వరుసలు. డిస్కులో ఇప్పటికే ఉన్న పాత సిస్టమ్‌లు ఒక్కొక్కటీ ఒక్కో శీర్షిక కింద ముడుచుకుని ఉండేవి. కూడిక గుర్తు నొక్కితే మౌంట్ పాయింట్ (ఆ జాగా సిస్టమ్‌లో కనిపించే చోటు) ఏది, ఎంత పరిమాణం కావాలి అని అడిగేది. అది ఏ డిస్కులో ఎక్కడ పడుతుందన్నది ఇన్‌స్టాలర్ సొంత నిర్ణయం, మార్చాలంటే మరో చిన్న బటన్ వెతుక్కోవాలి.

ఈ ఆలోచనలో న్యాయం ఉంది. సర్వర్లు నడిపేవారికి ఐదు డిస్కుల్లో రెయిడ్ (డిస్కులను కలిపి వాడే పద్ధతి), దాని మీద ఎల్‌వీఎం (జాగాను సులువుగా పంచే పొర), దాని మీద ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా చేయడం) కావాలంటే, ఒక్కో పొరనూ చేత్తో పేర్చడం కంటే "హోమ్‌కు 200 జీబీ, ఒక డిస్కు పోయినా నిలబడాలి" అని చెప్పి వదిలేయడం మేలు. అయినా విమర్శలు వెల్లువెత్తాయి. అలవాటు లేకపోవడం మాత్రమే దానికి కారణమని నేను అనుకోను. డిస్కు బొమ్మ తీసేసినప్పుడు దానితో పాటు డిస్కుకు ఏం జరగబోతోందన్న సమాచారం కూడా కంటికి దూరమైంది. తన పక్క పొలానికి ఏమీ కాదని గట్టు చూసి నిర్ధారించుకునే రైతుకు, గట్టు చూపకుండా "మీకు రెండెకరాలు ఇస్తాం, ఎక్కడన్నది మేం చూసుకుంటాం" అంటే నిద్ర పట్టదు. పని ముగిసిందని చెప్పే బటన్‌ను పై ఎడమ మూలలో పెట్టడం ఆ కలతను పెంచింది. అది నొక్కితే అప్పటికప్పుడే డిస్కు మీద రాతలు మొదలవుతాయేమోనని భయపడ్డవారు చాలామంది. నిజానికి అది వెనక్కి తీసుకెళ్లేదే.

2017లో ఫెడోరా 26 నాటికి, డిస్కును ముందు చూపే బ్లివెట్ జీయూఐ అనే తెరను కూడా అనకొండలో మరో ఎంపికగా చేర్చారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 42 వర్క్‌స్టేషన్‌లో తెరలన్నీ మళ్లీ కొత్తగా రాశారు. అందులో డిస్కు విషయంలో మొదటగా అడిగేది మనిషి ఉద్దేశం: డిస్కు మొత్తం వాడుకోవాలా, ఉన్న సిస్టమ్‌తో పంచుకోవాలా, ఉన్న ఫెడోరాను మళ్లీ ఎక్కించాలా. లోతుగా వెళ్లదలచినవారికి విడిగా స్టోరేజ్ ఎడిటర్ ఉంది. పన్నెండేళ్లలో ఆ ప్రాజెక్టు చేరుకున్న చోటు నాకు సరైనదిగా తోస్తుంది. ఉద్దేశం అడగడానికి ఒక తెర, డిస్కును చేత్తో పంచడానికి మరో తెర ఉండాలి. రెండింటినీ ఒకే తెరలో కలపబోతే ఎవరికీ నప్పదు.

ఉద్దేశం అడిగే తెరలో మాటల ఎంపికే సగం పని. "డిస్కును చెరిపి ఇన్‌స్టాల్ చేయి" అన్న ఎంపిక చదివినప్పుడు, సీని ఒక డిస్కుగా, డీని మరో డిస్కుగా భావించే మనిషి అది సీకి మాత్రమే వర్తిస్తుందని నమ్మడంలో ఆశ్చర్యం లేదు. విండోస్ ముప్పై ఏళ్లుగా వాటిని రెండు డ్రైవ్‌లుగానే చూపుతూ వచ్చింది. ఉబుంటు అనే మరో లినక్స్‌లో 2006 నుంచి చాలా ఏళ్లు నడిచిన యుబిక్విటీ ఇన్‌స్టాలర్ ఆ ఎంపిక కిందే ఒక హెచ్చరిక రాసేది: అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలోని ప్రోగ్రాములు, పత్రాలు, ఫొటోలు, సంగీతం, మిగతా ఫైళ్లు అన్నీ పోతాయని. ఫైల్ సిస్టమ్, పార్టిషన్ వంటి మాటలు వాడకుండా ఫొటోలు అని రాయడం మంచి పని. అంతకంటే మేలైన తెర ఆ యంత్రానికి సంబంధించిన వివరాన్నే చెబుతుంది: ఈ డిస్కులో విండోస్ ఒకటి, 212 జీబీ ఫైళ్లున్న మరో పార్టిషన్ ఒకటి ఉన్నాయి, రెండూ పోతాయి అని. ఏ యంత్రంలోనైనా ఒకేలా కనిపించే హెచ్చరికను జనం చదవడం మానేస్తారు, తమ ఫోల్డర్ పేరు కనిపిస్తే ఆగి చదువుతారు.

రాయక ముందు, రాసిన తర్వాత

చేసిన మార్పులు ఎప్పుడు డిస్కు మీద పడతాయన్నది ఈ తెరలన్నింటికీ ప్రాణం వంటి విషయం. లినక్స్‌లోని రెండు పాత కమాండ్లను పోల్చితే తేడా తెలుస్తుంది. ఎఫ్‌డిస్క్‌లో ఎన్ని మార్పులు చేసినా అవి మెమరీలోనే ఉంటాయి, రాయమని చివర చెప్పేదాకా డిస్కుకు ఏమీ కాదు, తెరవగానే ఆ మాట అదే స్వయంగా చెబుతుంది. పార్టెడ్‌లో ఒక పార్టిషన్‌ను తీసేయమని ఎంటర్ నొక్కితే అది ఆ క్షణమే పోతుంది. ఒకదానికి అలవాటుపడిన చేయి రెండోదానిలో ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు.

మార్పులన్నీ వరుసలో పేర్చి చివర ఒకేసారి రాయడమే ఇన్‌స్టాలర్‌కు తగిన పద్ధతి. డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలర్‌లో డిస్కును పంచే భాగమైన పార్ట్‌మ్యాన్ చాలాకాలంగా ఇలాగే చేస్తోంది: చివర జాబితా చూపి, డిస్కులకు రాయమంటారా అని అడుగుతుంది, ముందుగా ఎంచి ఉంచిన జవాబు "వద్దు". అదే పార్ట్‌మ్యాన్‌లో ఈ మాట నిలబడని చోటు కూడా ఒకటుంది. ఉన్న పార్టిషన్ పరిమాణం మార్చబోతే, ఇంతకుముందు చేసిన మార్పులన్నీ ఇప్పుడే డిస్కుకు రాయక తప్పదని, దాన్ని వెనక్కి తీసుకోలేమని చెబుతుంది. సాంకేతికంగా అందుకు కారణం ఉంది, ఫైల్ సిస్టమ్ ఎంతవరకు కుదించుకోగలదో కొలవాలంటే డిస్కు నిలకడగా ఉండాలి. కానీ చివరిదాకా ఏమీ జరగదన్న నమ్మకంతో పనిచేస్తున్న మనిషికి మధ్యలో వచ్చే ఆ ప్రశ్న అంతరాయంగానే కనిపిస్తుంది, విసుగుతో అవునని నొక్కేస్తాడు. కుదింపు అవసరమయ్యే ఎంపికను అసలు మొదటి మెట్టులోనే పెట్టి, దాన్ని ఒక ప్రత్యేక దశగా చూపడమే దీనికి సరైన విరుగుడు.

కుదించడమంటే ఫైల్ సిస్టమ్‌ను ముందు చిన్నది చేసి, ఆ తర్వాత పార్టిషన్ హద్దును వెనక్కి జరపడం. పార్టిషన్ చివరి హద్దు జరిగితే పని త్వరగా ముగుస్తుంది. మొదటి హద్దు జరగాలంటే లోపల ఉన్నదంతా ఎత్తి మరోచోట పెట్టాలి. సెకనుకు 100 ఎంబీ వేగంతో పనిచేసే హార్డ్ డిస్కులో 400 జీబీని చదవడానికే గంటకు పైగా పడుతుంది, అదే డిస్కు మీద తిరిగి రాయడంతో కలిపితే రెండు గంటలు దాటుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పార్టిషన్ పరిస్థితి చెప్పలేం. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లు, బ్యాటరీ సగం చచ్చిన ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో మామూలే కాబట్టి, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పడం, చార్జర్ పెట్టి ఉందో లేదో చూడటం ఇన్‌స్టాలర్ బాధ్యత.

కొన్నిసార్లు చేయనని చెప్పడమే ఇన్‌స్టాలర్ చేయగల మేలు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్ డౌన్ చేసిన విండోస్ నిజానికి సగం నిద్రలో ఉంటుంది, దాని పార్టిషన్ ఇంకా తెరిచి ఉన్న పుస్తకం లాంటిది, దాన్ని బయటి నుంచి మార్చితే చెడిపోతుంది. ఈమధ్య వచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, దాన్ని ఆపకుండా కుదించడం బయటి ఇన్‌స్టాలర్‌కు వీలుకాదు. పైగా బూట్ పద్ధతిలో మార్పు వస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, అలాంటి కీ ఒకటి ఉందని కూడా చాలామందికి తెలియదు. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే డిస్కు నిర్వహణ పద్ధతిలో ఉన్న డిస్కులైతే లినక్స్ ఇన్‌స్టాలర్‌కు అసలు కనిపించకపోవచ్చు. అప్పుడు జాబితా ఖాళీగా ఉంటుంది, డిస్కు పాడైందని మనిషి బెంబేలు పడతాడు. ఈ మూడు సందర్భాల్లోనూ "విఫలమైంది" అన్న ఒక్క మాటతో ఆగిపోతే లాభం లేదు. ఏది అడ్డుపడిందో, విండోస్‌లోకి వెళ్లి ఏ అమరిక మార్చాలో, ఆ పేజీని ఫోన్‌లో తెరవడానికి ఒక క్యూఆర్ కోడ్‌తో సహా చూపాలి. ఎందుకంటే ఆ సమయానికి ఆ మనిషి చేతిలో పనిచేస్తున్న యంత్రం ఫోన్ ఒక్కటే.

బొమ్మ గురించి కూడా ఒక మాట. డిస్కును అడ్డంగా ఒక పట్టీగా గీసి రంగులు వేయడం అందరూ చేసేదే. కొన్ని లినక్స్‌లు వాడే కాలమారెస్ ఇన్‌స్టాలర్‌లో ఇప్పుడు ఇలా ఉంది, తర్వాత ఇలా ఉంటుందని రెండు పట్టీలు ఒకదాని కింద ఒకటి చూపే పద్ధతి నాకు తెలిసినవాటిలో ఉత్తమం. అయితే 1 టీబీ డిస్కును 800 పిక్సెళ్ల వెడల్పులో గీస్తే, విండోస్ పెట్టుకునే 16 ఎంబీ రిజర్వుడ్ పార్టిషన్‌కు పిక్సెల్‌లో వందో వంతుకు కాస్త ఎక్కువ దక్కుతుంది. కంప్యూటర్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు కూడా పిక్సెల్‌లో పదో వంతు లోపే. ఆ చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను ఫార్మాట్ చేస్తే విండోస్ లేవదు, అంటే కంటికి కనిపించనిదే అత్యంత ప్రమాదకరమైనది. కొలత తప్పినా సరే ఇలాంటివాటికి కనీస వెడల్పు ఇచ్చి, పట్టీ పక్కన మాటల్లో జాబితా కూడా ఉంచాలి. రంగులు పోల్చుకోలేనివారికీ, స్క్రీన్ రీడర్ వాడేవారికీ ఆ జాబితాయే పట్టీ.

ఇన్ని చెప్పినా, మంచి తెర గీయడం కంటే ప్రశ్ననే తొలగించగలిగితే మరీ మేలు. రూట్‌కు ఎంత, హోమ్‌కు ఎంత అన్న ప్రశ్నకు సరైన జవాబు మూడేళ్ల తర్వాత గానీ తెలియదు. ఫెడోరా 2020లో 33వ విడుదల నుంచి డెస్క్‌టాప్‌లకు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను డిఫాల్ట్ చేశాక రూట్, హోమ్ రెండూ ఒకే జాగాను పంచుకుంటాయి, ముందే గీత గీయనక్కరలేదు. ఆపిల్ 2017లో మ్యాక్‌లకు తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో వాల్యూములదీ (డిస్కు భాగాలదీ) ఇదే తీరు. ఉబుంటు 17.04 నుంచి స్వాప్‌ను ఒక ఫైలుగా మార్చడంతో, ర్యామ్‌కు రెట్టింపు స్వాప్ పార్టిషన్ చేయాలన్న పాత లెక్కకు ఇన్‌స్టాలర్‌లో పని లేకుండా పోయింది.

తెలుగులో ఆ ఆఖరి తెర

డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెలుగులో నడపవచ్చు, గ్రాఫికల్ పద్ధతిలో మాత్రమే, ఎందుకంటే గ్రాఫిక్స్ లేని అక్షరాల తెరకు మన గుణింతాలను, ఒత్తులను గీసే శక్తి లేదు. డిస్కు తెర విషయంలో అనువాదకుల మీద పడే భారం మామూలు మెనూలలో ఉండేది కాదు. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ అడిగే చోటు ఒక ఉదాహరణ. తెలుగు కీబోర్డ్ అమరికలో పాస్‌వర్డ్ పెట్టుకున్న మనిషికి, కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే నల్ల తెర మీద ఆ అమరిక ఉండకపోవచ్చు, తన డిస్కే తనకు తెరుచుకోదు. ఆ పెట్టె పక్కన ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడమని చెప్పి, వేరేవి పడితే అక్కడే ఆపాలి.

అంతకంటే చిక్కైనది ఫార్మాట్ అన్న మాట. మన వాడుకలో "సిస్టమ్ ఫార్మాట్ కొట్టించాను" అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ వేయించానని అర్థం. ఆ అర్థంతో పెరిగిన మనిషికి, ఒక పార్టిషన్ వరుసలో "ఫార్మాట్" అన్న గడి కనిపిస్తే అది ఇన్‌స్టాల్ చేయడానికి తప్పనిసరిగా పెట్టాల్సిన టిక్కుగా తోస్తుంది. డీ ఉన్న వరుసలోనూ పెడతాడు, సిస్టమ్ బాగా ఎక్కుతుందనే సదుద్దేశంతోనే. అక్షరానువాదంలో తప్పేమీ లేదు, మాట కూడా అందరికీ తెలిసినదే, అదే ఇక్కడ ప్రమాదం. ఆ గడి పక్కన "ఇందులో ఉన్నదంతా చెరిపివేయి" అని రాయాలి. తీసివేయి, తొలగించు, చెరుపు అన్న మూడు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడకుండా, జాబితాలోంచి వరుసను మాత్రమే తీసేచోట ఒకటి, ఫైళ్లు పోయేచోట మరొకటి అని మొదటి తెర నుంచి చివరి తెర దాకా కట్టుబడి ఉండాలి.

ఆఖరి తెర మీద "తర్వాత", "సరే", "కొనసాగించు" అన్న బటన్లు ఉండకూడదు, ఎందుకంటే అంతకుముందు పది తెరల మీద అవే నొక్కి చేయి అలవాటుపడి ఉంటుంది. పిన్ని ల్యాప్‌టాప్‌కు నేను కోరుకునే ఆఖరి తెర ఇలా ఉంటుంది. "పోయేవి: విండోస్, 161 జీబీ పార్టిషన్‌లో ఉన్న ఫైళ్లన్నీ. మిగిలేవి: 337 జీబీ పార్టిషన్, అందులోని పెళ్లి ఫొటోలు, స్కాన్లు, పాటలు. విండోస్‌లో ఇవి 150, 314 జీబీగా కనిపించేవి." కింద రెండు బటన్లు: "వెనక్కి వెళ్లు", "విండోస్‌ను చెరిపి ఇన్‌స్టాల్ చేయి". ముందుగా ఎంచి ఉండేది మొదటిది.